స్వేచ్ఛా నగరాల వెండి నాణేలు: పదకొండు గుంటలు పక్కన పెట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌తో మొదలుపెట్టండి

జర్మన్ వెండి నాణేలు సేకరించేవాళ్ళలో చాలామంది దగ్గర ఒక ఆల్బమ్ ఉంటుంది. అందులో స్వేచ్ఛా నగరాలకు పదకొండు గుంటలు. జర్మన్ నాణేలకు నంబర్లు ఇచ్చే యేగర్ కేటలాగు ప్రకారం 59, 60 నంబర్లు బ్రెమెన్‌వి, 61 నుంచి 65 దాకా హాంబర్గ్‌వి, 80 నుంచి 83 దాకా లూబెక్‌వి. ఆ పదకొండూ నిండితే "ఫ్రీ సిటీస్ కంప్లీట్" అంటారు. వేలంపాటల్లో, నాణేల సంతల్లో ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు ఒప్పుకోదు. ఆ పదకొండింటిలో ఫ్రాంక్‌ఫర్ట్ లేదు. ఉండే వీలు కూడా లేదు. ఆ గుంటలన్నీ 1871లో పుట్టిన జర్మన్ సామ్రాజ్యానివి, ఫ్రాంక్‌ఫర్ట్ స్వేచ్ఛ 1866లోనే పోయింది. ఒక ఊరు స్వేచ్ఛగా ఉండటానికి ఎంత ఖర్చవుతుందో, ఆ స్వేచ్ఛ ఎలా పోతుందో వెండి మీదే రాసిపెట్టిన నగరం అది. దాన్ని వదిలేసి సేకరణ పూర్తయిందనుకోవడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఊళ్ళ సంగతి కొత్తగా వింటున్నవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. జర్మన్ రాజ్యాలను కలిపి ఉంచిన పాత పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో చక్రవర్తికి తప్ప ఏ రాజుకీ, ఏ డ్యూక్‌కీ, ఏ బిషప్‌కీ లోబడని నగరాలు ఉండేవి. ఊరిని నడిపేది నగర సభ. అందులో పెద్ద కుటుంబాలదే పైచేయి. కోర్టు వాళ్ళదే, పన్ను వాళ్ళదే, చాలాచోట్ల టంకశాల కూడా వాళ్ళదే. 18వ శతాబ్దం చివరికి ఇలాంటి నగరాలు దాదాపు 50 ఉన్నాయి. నెపోలియన్ దెబ్బకు 1803లో జరిగిన పంపకాల్లో ఆరు తప్ప మిగతావన్నీ పక్క రాజ్యాల్లో కలిసిపోయాయి. ఆ ఆరు: హాంబర్గ్, బ్రెమెన్, లూబెక్, ఫ్రాంక్‌ఫర్ట్, ఆగ్స్‌బర్గ్, నూరెంబర్గ్. చివరి రెండూ 1806 కల్లా బవేరియా చేతికి పోయాయి. మిగిలిన నాలుగూ కొన్నేళ్ళు స్వేచ్ఛ పోగొట్టుకుని, నెపోలియన్ ఓడిపోయాక మళ్ళీ సంపాదించుకున్నాయి. లూబెక్‌ను 1937లో హిట్లర్ ప్రభుత్వం బెర్లిన్ రాజధానిగా ఉన్న ప్రష్యాలో కలిపేసింది. హాంబర్గ్, బ్రెమెన్ ఈరోజుకీ జర్మనీలో సొంత రాష్ట్రాలు.

1871 తర్వాత ఆ సామ్రాజ్యం కొట్టిన వెండి మార్కు నాణేలన్నిటికీ ఒకే కొలత. వెయ్యికి 900 పాళ్ళు వెండి. రెండు మార్కుల నాణెం 11.11 గ్రాములు, మూడు మార్కులది 16.67, అయిదు మార్కులది 27.78. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు కాబట్టి, మన ఇళ్ళలో పాత రూపాయలు పట్టుకున్నవాళ్ళ చేతికి రెండు మార్కుల నాణెం తెలిసిన బరువులాగే అనిపిస్తుంది. బొరుసు వైపు అందరికీ సామ్రాజ్యపు డేగే. బొమ్మ వైపు ఏ రాజ్యం నాణెం మీద ఆ రాజ్యపు ఏలిక ముఖం. సామ్రాజ్యంలో ఉన్న 25 రాష్ట్రాల్లో 22కు రాజులో, డ్యూకులో, ప్రిన్సులో ఉన్నారు. మూడు నగరాలకు లేరు. అందుకే హాంబర్గ్ నాణెం మీద రెండు సింహాలు పట్టుకున్న మూడు బురుజుల కోట ఉంటుంది, బ్రెమెన్ నాణెం మీద తాళంచెవి, లూబెక్ నాణెం మీద రెండు తలల డేగ. నిజాం రూపాయి మీద చార్మినార్ చూసినవాళ్ళకు ముఖం లేని నాణెం వింతేమీ కాదు. అయితే ఆ చార్మినార్ వాకిట్లో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. హాంబర్గ్ కోట వాకిట్లో ఎవరి పేరూ లేదు. ఈ నాణేలు మొదట నన్ను పట్టుకున్నది ఇందుకే.

కానీ దగ్గరగా చూస్తే ఈ పదకొండూ ఒక్కలాంటివి కావు. బ్రెమెన్ రెండు మార్కుల నాణెం 1904లో ఒక్క ఏడాదే కొట్టారు, లక్ష. అయిదు మార్కులది 1906లో ఒక్క ఏడాదే, సుమారు 41 వేలు. లూబెక్ పేరుతో మొదటి రెండు మార్కుల నాణెం రావడానికే 1901 దాకా పట్టింది, అదీ 25 వేలు మాత్రమే. బ్రెమెన్‌వి కొట్టింది హాంబర్గ్‌లో, అందుకే వాటి మీద హాంబర్గ్ టంకశాల గుర్తు ‘జె’ ఉంటుంది. లూబెక్‌వి బెర్లిన్‌లో తయారయ్యాయి, వాటి మీద ‘ఏ’. లూబెక్ సొంత టంకశాల అప్పటికి వందేళ్ళ కిందట, 1801లోనే మూతపడింది. డబ్బు విధానం, సైన్యం, విదేశీ వ్యవహారాలు అన్నీ బెర్లిన్ చేతికి వెళ్ళిపోయిన కాలం అది. నాకు ఎదురైన బ్రెమెన్ నాణేల్లో అరిగిపోయినవి చాలా అరుదు. ముద్ర పదును అలాగే ఉంటుంది, తాళంచెవి పళ్ళు లెక్కపెట్టొచ్చు. అంటే తీసుకున్నవాళ్ళు వాటిని ఖర్చు పెట్టలేదు, డబ్బాలో పెట్టుకున్నారు. అందమైన నాణేలే, కాదనను. కానీ ఆల్బమ్‌లో ఖరీదైన గుంటలు అవే. కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్ళు దాచుకున్న డబ్బంతా అక్కడే పోసి, ఆ తర్వాత అలసిపోయి మానేయడం చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

హాంబర్గ్ సంగతి వేరు. అక్కడ 1875 నుంచి సామ్రాజ్యపు టంకశాల నడిచింది, అయిదు మార్కుల నాణేలు ఆ ఏడాది నుంచే, రెండు మార్కులవి 1876 నుంచి వచ్చాయి, 1914 వరకు కొడుతూనే ఉన్నారు. రేవులో కూలి, ఓడ మనిషి జీతం, దుకాణంలో చిల్లర, అన్నిటిలోనూ తిరిగిన డబ్బు. అందుకే సింహాల జూలు నున్నగా అరిగిపోయినవి సులువుగా దొరుకుతాయి. నాకు వాటిలో 1892 ముద్ర ఉన్న రెండు మార్కుల నాణెం ముఖ్యం. ఆ ఏడాది ఆగస్టులో హాంబర్గ్‌లో కలరా వచ్చింది. ఎల్బే నది నీళ్ళు వడకట్టకుండానే కుళాయిల్లోకి వదిలేవాళ్ళు. వీధి దాటితే ఆల్టోనా, అది ప్రష్యా కింద ఉన్న ఊరు, అక్కడ ఇసుక ఫిల్టర్లు ఉన్నాయి. హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది చనిపోయారు, ఆల్టోనాలో అంతకన్నా చాలా తక్కువ. ఫిల్టర్లకు అయ్యే ఖర్చు గురించి నగర పెద్దలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. రోగం వచ్చాక కూడా రేవు మూసేస్తే వ్యాపారం పోతుందని బయటపెట్టడానికి తటపటాయించారు. చివరికి బెర్లిన్ నుంచి రాబర్ట్ కోహ్ రావలసి వచ్చింది, 1884లో కలకత్తాలో కలరా క్రిమిని పట్టుకున్న మనిషి ఆయనే. ఊరిని వర్తకులే ఏలితే ఏం జరగగలదో కూడా ఈ సేకరణలో ఉండాలి. కాబట్టి హాంబర్గ్ గుంటలను నేను తీసేయమనడం లేదు, అరిగిన నాణెంతోనైనా నింపమంటున్నాను.

ఇక ఫ్రాంక్‌ఫర్ట్.

1796 వేసవిలో ఫ్రెంచ్ సైన్యం ఊరి మీద ఫిరంగులు పేల్చింది. ఊరు లొంగిపోయింది. గెలిచినవాళ్ళు భారీగా సొమ్ము కట్టమన్నారు. ఖజానాలో అంత లేదు. చర్చిల్లో పూజకు వాడే వెండి పాత్రలు, ఇళ్ళలోని వెండి సామాన్లు తెచ్చి కరిగించి థాలర్లు, అంటే మార్కు రాకముందు నడిచిన పెద్ద వెండి నాణేలు, కొట్టారు. ఆ థాలర్ మీద ఆ సంగతే రాసి ఉంది: ‘ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని చర్చిల, పౌరుల పాత్రల నుంచి.’ కింద సంవత్సరం, 1796. ఒక్కో థాలర్ 28 గ్రాములు, అందులో అసలు వెండి 23 గ్రాముల పైచిలుకు. ఓడిపోయిన ఊరు తన నాణెం మీద దేవుడి గుర్తులో, గొప్పలో రాసుకోలేదు, ఈ వెండి ఎవరిదో రాసుకుంది. ఏ ఇంటి గిన్నెలు ఏ థాలర్‌లోకి వెళ్ళాయో ఎవరూ చెప్పలేరు. అయినా ఆ ఒక్క వాక్యం వల్ల ఆ నాణెం పౌరులందరి ఆస్తి అయింది. నేను చూసిన జర్మన్ నాణేల్లో దీనికి సాటివచ్చేది లేదు.

అదే ఫిరంగుల కాల్పుల్లో ఊళ్ళో యూదులను బంధించి ఉంచిన సందు, యూదెన్‌గాసె, ఉత్తరపు కొస తగలబడిపోయింది. ఇళ్ళు కాలిపోయినవాళ్ళను బయట ఉండనివ్వక తప్పలేదు. మూడు శతాబ్దాలకు పైగా నడిచిన ఆ ఘెట్టో అలా బద్దలైంది. ఇది కూడా చెప్పాలి. ‘స్వేచ్ఛా నగరం ఫ్రాంక్‌ఫర్ట్’ అని నాణెం మీద రాసుకున్న ఊరు యూదులకు పూర్తి సమాన హక్కులు ఇచ్చింది 1864లో, అంటే తన స్వేచ్ఛ పోవడానికి రెండేళ్ళ ముందు. రోత్‌షీల్డ్ కుటుంబం పుట్టిన సందు అది. యూరప్ రాజులకు అప్పులిచ్చిన ఇంటివాళ్ళు సొంత ఊళ్ళో సగం పౌరులుగా బతికారు. సేకరించేవాళ్ళు ఈ సంగతి దాటవేస్తే ఆ నాణెం మీది మాటను సగమే చదివినట్టు. నాకు ఆ మాట మీద గౌరవం ఉంది, అందుకే అది ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో కూడా తెలుసుకోవాలంటాను.

తర్వాత 1848. జర్మన్ రాజ్యాలన్నిటి నుంచి ఎన్నికైన ప్రతినిధులు మే 18న ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సెయింట్ పాల్ చర్చిలో సమావేశమయ్యారు. జర్మనీకి రాజ్యాంగం రాయాలని వచ్చిన మొదటి పార్లమెంటు. నగరం వెంటనే దానికి రెండు గుల్డెన్ల నాణెం కొట్టింది, గుల్డెన్ అంటే అప్పట్లో ఆ వైపు చెల్లిన డబ్బు. 21.2 గ్రాములు, 900 పాళ్ళ వెండి. జూన్ 29న ఆ సభ ఆస్ట్రియా రాకుమారుడు జోహాన్‌ను తాత్కాలిక పాలకుడిగా ఎన్నుకుంది, దానికీ ఒక రెండు గుల్డెన్ల నాణెం. 1849 మార్చి 28న ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌ను జర్మన్ల చక్రవర్తిగా ఎన్నుకుంది, దానికీ నాణెం సిద్ధమైంది. రాజు ఆ కిరీటం వద్దన్నాడు. సభ చెదిరిపోయింది. ఆ చివరి నాణెం చాలా కొద్దిగా మాత్రమే ఉంది, ఖరీదు మనబోటి వాళ్ళకు అందదు. అందకపోయినా ఫర్వాలేదు, మొదటి రెండూ మామూలు జీతగాళ్ళకు అందుబాటులోనే ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టు 28న గోథే పుట్టి వందేళ్ళయింది, ఆయన ఈ ఊరివాడే కదా, దానికీ ఒక రెండు గుల్డెన్ల నాణెం వచ్చింది. మార్చిలో చక్రవర్తి, ఆగస్టులో కవి. ఆశ పెట్టుకున్నదీ, ఆ తర్వాత మిగిలిందీ ఒకే సంవత్సరం ముద్రతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

1857లో జర్మన్ రాజ్యాలు, ఆస్ట్రియా కలిసి వియన్నాలో ఒప్పందం చేసుకున్నాయి. 500 గ్రాముల మేలిమి వెండికి 30 థాలర్లు. అలా వచ్చిన 18.5 గ్రాముల థాలర్ మీద మిగతా రాజ్యాలన్నీ రాజుల తలలు వేసుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్ ఒక స్త్రీ ముఖం వేసింది. ఆమె పేరు ఫ్రాంకోఫుర్టియా, ఊరే స్త్రీ రూపంలో. చెక్కింది ఆగస్ట్ ఫోన్ నోర్ద్‌హైమ్ అనే స్థానిక శిల్పి. నటి ఫానీ యానౌషెక్‌ను చూసి చెక్కాడని జనం చెప్పుకునేవాళ్ళు. నా మట్టుకు ఆమె ఎవరన్నది పెద్ద విషయం కాదు. ఏలిక తల ఉండాల్సిన చోట ఊరి తల పెట్టారు, అదీ మీసాలు మెలేసిన రాజుల వరసలో. బ్రెమెన్ తాళంచెవి కన్నా ఇది నాకు చాలా ధైర్యమైన పనిగా కనిపిస్తుంది.

1863 ఆగస్టులో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ జర్మన్ రాజులందరినీ ఫ్రాంక్‌ఫర్ట్‌కు పిలిచాడు. ఊరు ఆ సభకు కూడా థాలర్ కొట్టింది, దాని మీద నగర సభా భవనం రోమర్. ప్రష్యా రాజు మాత్రం రాలేదు, ఆయన ప్రధాని బిస్మార్క్ రానివ్వలేదు. మూడేళ్ళకు ప్రష్యాకూ ఆస్ట్రియాకూ యుద్ధం. 1866 జులై 16న ప్రష్యా సైన్యం ఫ్రాంక్‌ఫర్ట్‌లోకి వచ్చింది. ముందు సుమారు 60 లక్షల గుల్డెన్లు వసూలు చేశారు. తర్వాత వచ్చిన సేనాని ఇంకో రెండున్నర కోట్లు కట్టమన్నాడు. ఆస్తిపరుల పేర్ల జాబితా ఇవ్వమని మేయర్ కార్ల్ ఫెల్నర్ మీద ఒత్తిడి తెచ్చారు. ఆయన ఇవ్వలేదు. జులై 24న ఉరి వేసుకుని చనిపోయాడు. 1796లో లాగా ఈసారి గిన్నెలు కరిగించి గట్టెక్కే అవకాశం లేకపోయింది. ఊరిని ప్రష్యా కలిపేసుకుంది. ఊరి టంకశాల ప్రష్యా టంకశాలగా మారి, ‘సి’ గుర్తుతో 1879 వరకు నడిచింది. ఫ్రాంకోఫుర్టియా ముఖంతో 1866 తేదీ ఉన్న డబుల్ థాలర్ ఒకటుంది, 37 గ్రాములు. ఆ ఊరు తన పేరుతో కొట్టుకున్న ఆఖరి పెద్ద వెండి అది.

కథ అక్కడితో ఆగలేదు. మార్కు వచ్చాక పాత థాలర్లను వెంటనే రద్దు చేయలేదు, ఒక్కో థాలర్ మూడు మార్కులుగా చెల్లింది. అలా 1907 దాకా నడిచింది, ఆ తర్వాతే 1908లో మూడు మార్కుల కొత్త నాణెం వచ్చింది. అంటే స్వేచ్ఛా నగరం పోయిన 41 ఏళ్ళ వరకు కూడా దాని పేరున్న వెండితో బెర్లిన్‌లో రొట్టె కొనుక్కోవచ్చు. ప్రష్యా అధికారి జీతంలో కూడా ఫ్రాంకోఫుర్టియా వచ్చి ఉండొచ్చు. బ్రెమెన్ 1904 నాణెం పుట్టేసరికి ఫ్రాంక్‌ఫర్ట్ థాలర్ ఇంకా సంతలో తిరుగుతోంది. ఇది తెలిశాక పదకొండు గుంటల ఆల్బమ్‌ను నేను అదే కళ్ళతో చూడలేకపోయాను.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, బలమైనవే. నంబర్ల ప్రకారం సేకరించేవాళ్ళు అంటారు: గీత గీసుకోకపోతే ఇది అంతులేని పని, డబ్బు మంచినీళ్ళలా పోతుంది, పైగా ఆ పట్టుదల ఉన్నవాళ్ళ వల్లే ఈ నాణేలు కరిగిపోకుండా మన దాకా వచ్చాయి. చివరి మాట పూర్తిగా నిజం. యుద్ధాల్లో, వెండి ధర పెరిగినప్పుడల్లా ఎన్ని టన్నుల నాణేలు మూసల్లోకి వెళ్ళాయో తలచుకుంటే, గుంటలు నింపినవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. గీత గీసుకోవాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ ఆ గీత 1871 దగ్గరే ఎందుకు గీయాలి? అది సామ్రాజ్యం పుట్టిన తేదీ, నగరాల తేదీ కాదు. స్వేచ్ఛా నగరాలే మీ విషయమైతే 1796 నుంచి 1866 దాకా గీసుకున్న గీత ఇంకా సూటిగా ఉంటుంది. అందులో అన్నీ సంపాదించలేరు, నిజమే. అయిదారు నాణేలతోనే కథ మొదలు, మధ్య, ముగింపు చేతికి వస్తాయి.

ఇంకో వాదన మన ఇళ్ళలోనే వినిపిస్తుంది. మా బాబాయికి ఒక థాలర్ ఫొటో పంపిస్తే, "గ్రాము ఎంతకు పడిందిరా?" అని అడిగాడు. వెండి మాత్రమే కావాలంటే బిస్కెట్ కొనుక్కోవడం మంచిదని ఆయనకు చెప్పాను, అది అబద్ధం కాదు. రెండు మార్కుల నాణెంలో మేలిమి వెండి 10 గ్రాములు, థాలర్‌లో 16.7. మనం ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. ఆ తేడా అంతా చరిత్రకు ఇస్తున్న ధర. కాబట్టి చరిత్ర తెలుసుకోకుండా ఆ డబ్బు ఇవ్వడం అన్యాయం, మనకే.

ఈ కారణం వల్లే నాణెం ఎంత బాగుందో చెప్పే గ్రేడుల విషయంలో కూడా నేను సంత పద్ధతితో ఏకీభవించను. జర్మన్ వేలాల్లో గొలుసుకు తగిలించుకోవడానికి అతికించిన కొక్కెం తాలూకు గుర్తు ఉంటే నాణెం ధర సగానికి సగం పడిపోతుంది. నగగా వేసుకున్న నాణెం పాడైపోయినట్టు లెక్క. కాసుల పేరు వేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన నాకు అది మింగుడుపడదు. గోథే నాణేన్నో, 1848 నాణేన్నో మెడలో వేసుకుని తిరిగిన మనిషి ఆ ఏడాది అంటే తనకు ఏమిటో చెప్తున్నట్టే. కొక్కెం గుర్తు ఉందని అమ్మేవాడు తగ్గించి ఇస్తే సంతోషంగా తీసుకోండి. 1796 థాలర్ మామూలు మనిషికి అందే దారుల్లో అదొకటి.

కానీ తోమిన నాణెం మాత్రం వద్దు. అరుగుదల వాడినవాళ్ళ చేతులది, తోముడు పై పొరనే లాగేస్తుంది. మీ చేతికి వచ్చాక మీరు కూడా వెండి కంచాలు తోమినట్టు విభూతితోనో, పేస్టుతోనో రుద్దకండి. నల్లబడితే నల్లబడనివ్వండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. నకిలీల భయం బ్రెమెన్, లూబెక్ నాణేల దగ్గరే ఎక్కువ, ధర అక్కడ ఉంది కాబట్టి. అయిదు మార్కులది 27.78 గ్రాములు తూగాలి, అయస్కాంతానికి అంటకూడదు, మూడు, అయిదు మార్కుల నాణేల అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ (దేవుడు మనతో ఉన్నాడు) అని స్పష్టంగా రాసి ఉండాలి. అంచు చూపించని ఫొటో చూసి డబ్బు పంపకండి.

మొదలుపెట్టేవాళ్ళు అడిగితే నేను చెప్పే వరస ఇది. ముందు ఫ్రాంకోఫుర్టియా ముఖం ఉన్న ఒక థాలర్, 1860 ప్రాంతానివి తేలిగ్గానే దొరుకుతాయి. తర్వాత 1848 రెండు గుల్డెన్లు, దాని పక్కన గోథే. అది అయ్యాక హాంబర్గ్ 1892, ఎంత అరిగినా సరే. 1863 థాలర్‌ను మంచి ధరకు వచ్చినప్పుడు తీసుకోండి. 1796 కోసం విడిగా డబ్బు దాచుకుంటూ ఉండండి, తొందరపడకండి, ఏదో ఒక వేలంలో కొక్కెం గుర్తున్నది వస్తుంది. లూబెక్ గురించి అయితే 1901 నాణెం కన్నా 1926లో వచ్చిన మూడు మార్కులది చూడమంటాను. ఊరికి స్వేచ్ఛ దక్కి 700 ఏళ్ళయిన సందర్భంగా కొట్టారు, వెండి సగమే, కానీ ఎందుకు కొట్టారో నాణెమే చెప్తుంది. బ్రెమెన్ అయిదు మార్కులు ఇవన్నీ అయ్యాక, డబ్బు మిగిలితే.